గాలి వేగం ఒక్కటే రాస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో ఆఫ్రికా తూర్పు తీరం దగ్గరి దీవి జాంజిబార్‌లో కైట్‌సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్ల మీద జారే ఆట) మీద వేసిన పేజీ చదివాను. ఫొటోలు బాగున్నాయి, కాదనను. కానీ పాజే బీచ్‌లో ఏడాది పొడుగునా మంచి గాలి ఉంటుందని, నీళ్లు లోతు ఉండవు కాబట్టి కొత్తవాళ్లకు ఏ భయమూ లేదని రెండు ముక్కల్లో తేల్చేశారు. అది నమ్మి ఎవరైనా ఏప్రిల్‌కి టికెట్ తీసుకుంటే రూమ్ కిటికీలోంచి వాన చూస్తూ కూర్చోవాల్సిందే. కుసి గాలికీ కస్కజి గాలికీ అక్కడ కైట్ ఎగరేసినవాణ్ణి, అందుకే ఇది రాయకుండా ఉండలేకపోయాను.

అక్కడ గాలికి సీజన్లున్నాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దక్షిణ, ఆగ్నేయ దిక్కుల నుంచి వచ్చేది కుసి, డిసెంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ఈశాన్యం నుంచి వచ్చేది కస్కజి. మార్చి చివర్లో మొదలై మే దాకా పెద్ద వానలు, నవంబర్ ప్రాంతంలో చిన్న వానలు, ఆ రోజుల్లో గాలిని నమ్ముకుని ఉండలేం. ఒకప్పుడు మన దేశం నుంచీ అరేబియా నుంచీ బయల్దేరిన తెరచాప ఓడలు కస్కజి పట్టుకుని ఆఫ్రికా తీరానికి చేరి, కుసి మొదలయ్యాక తిరిగొచ్చేవి. వాళ్లు నెలల తరబడి గాలి కోసం ఆగేవాళ్లు, మనమేమో వారం సెలవు పెట్టుకుని వెళ్లి గాలి రాలేదని అలుగుతాం.

సరే, సీజన్లోనే వెళ్లారనుకుందాం. మీ పేజీలో సగటు వేగం 15 నాట్స్ (గంటకు దాదాపు 28 కిలోమీటర్లు) అని పెట్టారు. ఆ ఒక్క అంకెతో ఏం చేసుకోవాలి? గాలి కైట్‌ని లాగే బలం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. అంటే 14 నాట్స్ గాలి ఒక విసురులో 20కి వెళితే లాగుడు దాదాపు రెట్టింపవుతుంది. 14కి సరిపోయిందని 12 చదరపు మీటర్ల కైట్ ఎగరేసిన కొత్త మనిషిని ఆ విసురు ఇసక మీద ఈడ్చుకుపోగలదు. సగటు కంటే విసురు ఎంత ఉందో ముందు చూడాలి. దూరంగా అడుగు నల్లబడిన మేఘం, దాని కింద నీళ్ల మీద ముదురు చార కనబడితే మాత్రం ఏ యాప్ ఏం చెప్పినా సరే కైట్ దించేయాలి.

దీనికంటే ముఖ్యమైంది గాలి దిక్కు, మీ పేజీలో దాని ఊసే లేదు. పాజే ఉన్నది దీవి తూర్పు తీరంలో. సముద్రానికి ఎదురుగా నిలబడితే కుసి కుడి ముందు నుంచి, కస్కజి ఎడమ ముందు నుంచి వస్తాయి. రెండూ మనిషిని ఒడ్డుకే తోస్తాయి కాబట్టి బోర్డు జారిపోయినా కైట్ నీళ్లలో పడినా నెమ్మదిగా ఒడ్డుకు కొట్టుకొస్తాడు. అదే రోజు, అదే గాలి, దీవికి పడమర వైపున్న కెండ్వా దగ్గర నేల మీదుగా వచ్చి సముద్రంలోకి పోతుంది. అక్కడ కైట్ పడితే మనిషి కూడా దాని వెంటే లోపలికి పోతాడు, అవతలి ఆఫ్రికా ఒడ్డు 30 కిలోమీటర్లకు పైనే. ఫోన్‌లో చూస్తే రెండు చోట్లా వేగం ఇంచుమించు ఒకటే చూపిస్తుంది! పైగా పడమర వైపు నీళ్లు అద్దంలా ఉంటాయి, చూసినవాడికి అదే సేఫ్ అనిపిస్తుంది.

ఇక ఆటుపోట్లు. అసలు పాజేలో అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఇదే. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటుకీ (నీళ్లు ఎక్కినప్పుడు) పాటుకీ (నీళ్లు దిగినప్పుడు) మధ్య నీటిమట్టం తేడా 4 మీటర్ల దాకా వెళ్తుంది. పాటు పూర్తిగా తీసిందంటే పగడపు దిబ్బ దిక్కుగా చాలా దూరం వరకు నడిచిపోవచ్చు, చీలమండ లోతు కూడా ఉండదు. కొత్తవాళ్లకు లోతు లేకపోవడం మంచిదే, కానీ అరచేతి మందం నీళ్లలో బోర్డు అడుగున ఉండే ఫిన్ (చిన్న రెక్క) నేలకు తగిలి బోర్డు టక్కున ఆగితే ముందుకు పడేది మొహమే. కింద నల్లటి ముళ్ల సీ అర్చిన్లు ఉంటాయి, నియోప్రీన్ (రబ్బరు లాంటి గుడ్డ) బూట్లు లేకుండా దిగకూడదు. పోటు నిండినప్పుడు ఇంకో తంటా. నీళ్లు బీచ్ పైదాకా వచ్చేసి కైట్ లేపడానికి జాగా మిగలదు, వెనకాలే కొబ్బరిచెట్లు, దిబ్బ దాటొచ్చిన అలలతో లోపల నీళ్లు కూడా గలాటాగా తయారవుతాయి. ఈ రెండింటి మధ్య, నడుము లోతు ఉన్న కొన్ని గంటలే నేర్చుకునేవాడికి పనికొచ్చేవి. ఆ గంటలు రోజుకి సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంటాయి కాబట్టి ఈరోజు మిట్టమధ్యాహ్నం పాటు ఉంటే వారం తర్వాత అదే వేళకి పోటు ఉంటుంది. అష్టమి చుట్టుపక్కల తేడా బాగా తగ్గి ఎక్కువసేపు నీళ్లుంటాయి. నిజానికి పంచాంగం చూసి ట్రిప్ పెట్టుకోవచ్చు, నవ్వులాటకు అనడం లేదు.

ఇంకో సంగతి, మీ ఫొటోలో నీళ్లలో కనబడిన కర్రల వరసలు అలంకారం కాదు. 1989 ప్రాంతం నుంచి అక్కడి ఆడవాళ్లు సముద్రపు నాచు సాగుచేస్తున్న మళ్లు అవి. చిన్న చిన్న కర్రలు పాతి, వాటి మధ్య తాడు లాగి, తాడుకి నాచు పిలకలు ముడివేస్తారు. పాటు వేళ మోకాళ్ల లోతులో వంగి ఆ ముడులు వేస్తున్న మనిషి తల మీదుగా 20 మీటర్లకు పైబడిన కైట్ తీగలు రయ్యిమని పోతుంటే చూడటానికే టెన్షన్. పోటు వచ్చాక కర్రలు మునిగిపోయి కనబడవు, తెలియనివాడు బోర్డుతో వాటి మీదకే పోతాడు. తనకు దెబ్బ, వాళ్లకు పంట నష్టం. మళ్లు ఏ వైపు ఉన్నాయో దిగేముందు ఒడ్డున ఎవరినడిగినా చెప్తారు.

ఇలాంటి పేజీలు వెయ్యొద్దని అనడం లేదు, ఇంకా వేయండి. వేసినప్పుడు పక్కన చిన్న బాక్స్ కట్టి ఏ నెలల్లో గాలి, ఆ గాలి ఒడ్డుకు ఏ వైపు నుంచి వస్తుంది, పోటుకీ పాటుకీ తేడా ఎంత, దిబ్బ ఎంత దూరం, ఈ నాలుగూ వేయండి. నేర్పే స్కూల్ పేరు వేసేముందు వాళ్లకు రెస్క్యూ బోటు ఉందో లేదో కనుక్కోండి. గుర్రపు స్వారీ, డాల్ఫిన్లు, సూర్యాస్తమయం అంటూ వేసిన సగం కాలమ్ తీసేస్తే ఇవన్నీ అందులో హాయిగా పడతాయి.

ఇట్లు,
మీ పాఠకుడు