బల్బు కొనేముందు ఒక్క ఆదివారం ఆగు ఓబులేసూ

ఒరే ఓబులేసూ,

మొన్న ఫోన్లో "మీ ఊరి అంగట్లో స్కూటరుకు పవరుఫుల్ బల్బు ఏదుంటే అది పంపు, మా నాయనకు రాత్రిపూట దావ కనపడ్డం లేదంట" అంటివి. పంపను. ఎందుకు పంపనో ఫోన్లో చెప్పేంత ఓపిక నీకు లేదు గాబట్టి రాస్తాండా. కుదురుగా కూర్చొని చదువు.

శివరాత్రికి మూడు రోజుల ముందు మాట. ప్రొద్దుటూరులో అంగడి కట్టేసి, లెక్కలు అప్పజెప్పి బయటపడేసరికి తొమ్మిదిన్నర. చందమామ తెల్లారుజామున గానీ రాని రోజులు. జమ్మలమడుగు దావలో మా ఊరి మలుపు తిరిగితే అక్కన్నుంచి ఆరు కిలోమీటర్లు స్తంభాలుంటాయి, బల్బులుండవు. రెండు పక్కలా నల్లరేగడి, నడిమధ్య నల్ల తారు, దాని మీద తీరిగ్గా తిరిగే ఎనుములు. నా బండి లైటేమో చమురైపోయిన బుడ్డి మాదిరి. మనోళ్లు జొన్నలు రోడ్డు మీదే ఆరబోస్తారు గదా, రాత్రికి కుప్పజేసి, పట్ట కప్పి, చుట్టూ గుండ్లు పేర్చి పోతారు. ఆ గుండ్లు నాకు కనపడేసరికి ఇంకో పది అడుగులే ఉన్నాయి. బండి కంపలోకి దిగింది. మోచెయ్యి దోక్కపోయింది, క్యారియర్ మూత ఇంతవరకూ దొరకలే.

ఇంటికొచ్చి లెక్కేసుకున్నా. గంటకు 40లో పోతే సెకనుకు 11 మీటర్లు. మనం చూసి, బుర్రకెక్కి, బ్రేకు మీద చెయ్యి బిగించేసరికే ఒక సెకను పోతాది. నాకు దావ కనపడేది అంతకంటే పెద్ద ఎక్కువేం కాదు. అంటే ఇన్నాళ్లూ దేవుని మీద భారమేసి నడిపినానన్నమాట. "రేపట్నుంచి బస్సుకు రా" అనింది మీ చెల్లెలు. ఆ టైములో బస్సు యాడుంది?

నువ్వు ఇప్పుడు చెయ్యబోయేదే నేనూ చేసినా. ఒక అంగట్లో తెల్లగా మండే ఎల్ఈడీ బల్బు తెచ్చి బిగించినా. మొదటి రాత్రి భలే సంబరం, చెట్ల కొమ్మలు గూడా కనపడతాండాయి! చెట్ల కొమ్మలెందుకప్పా నాకు, రోడ్డు గదా కావాల్సింది. ఎదురుగా వచ్చినాయన బండాపి, కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని తిట్టిన తిట్టు ఉత్తరంలో రాయలేను. తప్పు నాదే. మన పాత బల్బులో డిమ్ము తీగ కింద చిన్న రేకు దొన్నె ఉంటాది. కిందికి పోయే వెలుగును అది ఆపుతాది గాబట్టే డూము డిమ్ములో పైకి చిమ్మకుండా ఉంటాది. వెనక అద్దం వంపంతా ఆ సన్న తీగ ఎక్కడుండాలో లెక్కగట్టి చేసింది. ఆ చోట ఇంకో ఆకారంలో వెలిగేది పెడితే వెలుగు పెరుగుతాది, పోయే చోటు మారుతాది. పైగా బండి స్లోలో ఉంటే అది టపటపా కొట్టుకుండేది.

అట్లయితే 60 వాట్లది వేద్దామంటావు. అది కార్లకు. మనది 35. మూతి దగ్గర రవ్వంత అరగదీసి ఎక్కించే మొనగాళ్లు ఉన్నారు. ఆ కరెంటు మన ఇంజను కాడ కరెంటు పుట్టించే కాయిల్ ఇవ్వలేదు, ఇచ్చినా ఆ సన్న వైర్లు వేడెక్కుతాయి, డూము లోపల ప్లాస్టిక్ మెత్తబడతాది.

తర్వాత ఒక మెకానిక్ ఇంకో ఉపాయం చెప్పినాడు, లైటు వైరు తెచ్చి బ్యాటరీకి కలిపినాడు. వెలుగు నిజంగా బాగుండె. నాలుగో రోజు పొద్దున సెల్ఫ్ నొక్కితే "టిక్" అని ఊరకుండిపోయింది. ఆ వారమంతా కిక్కు కొట్టి కొట్టి కాలు వాచింది. సంగతేందంటే, నాదాని మాదిరి పాత స్కూటర్లు చానా వాటిలో లైటు బ్యాటరీ మీద వెలగదురా. మాగ్నెట్ కాయిల్ నుంచి ఏసీ కరెంటు నేరుగా లైటుకు పోతాది. బ్యాటరీకి పోయే పాలు చాలా తక్కువ, అది హారనుకూ సెల్ఫుకూ సరిపోతాది అంతే. అందుకే రేస్ ఇస్తే లైటు వెలిగేది, తగ్గిస్తే మసకబారేది. మీ నాయన గువ్వలచెరువు ఘాటు దిగేటప్పుడు ఒకసారి చూడమను. రేసు వదిలేసి దిగుతాడు గదా, సరిగ్గా మలుపులో, వెలుగు కావాల్సిన చోట లైటు పడిపోతాది. అది బల్బు దోషం కాదు.

నా తిక్క కుదిర్చింది మా బామ్మర్ది. వాడు కరెంటు పనోడు, జేబులో మీటరు లేనిదే పెండ్లికి గూడా పోడు. బండి స్టాండేసి, రేసు ఒకే తీరుగా పట్టుకోమని, కాయిల్ వైరు వచ్చే కప్లరు కాడ కొలిస్తే 12.8. అదే రేసులో బల్బు హోల్డరు కాడ 10.9. "బావా, దాదాపు రెండు వోల్టులు నువ్వు దావలోనే పారబోస్తాండావు" అన్నాడు. ఇంకో మాట చెప్పినాడు, అదే నన్ను పట్టుకుంది. తీగ బల్బుకు వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు తగ్గేది పది కాదు, ముప్పై శాతం దాకా. నాకు తగ్గింది పదహైదు. అంటే నలభై శాతం వెలుగు బల్బు దాకా రాకుండానే పోయింది. బల్బును తిడితే ఏం లాభం?

యాడ పోయింది? ముందర కవరు విప్పితే ఎర్త్ వైరు బోల్టు కింద పచ్చగా చిలుము. గోటితో గీకితే పొడి రాలింది. దాన్ని ఉప్పుకాగితంతో రుద్ది రాగి రంగు తేలినాక బిగించినా. హోల్డరు ప్లాస్టిక్ మాడి గోధుమరంగుకు తిరిగింది, లోపల రేకులు వదులు. కొత్తది అరవై రూపాయలు. డిమ్ము డిప్పు స్విచ్చి విప్పి శుభ్రం చేసినాడు వాడు, నాకు చేతగాలే, స్ప్రింగు ఎగిరి యాడో పడి అరగంట వెతికినాం. మళ్లీ కొలిస్తే హోల్డరు కాడ 12.3. బల్బు మాత్రం పాత రకందే కొత్తది వేసినా. దాని గాజును ఉత్త వేళ్లతో ముట్టద్దు, జిడ్డు అంటిన చోట వేడెక్కి తొందరగా పోతాది.

ఇంక డూము గ్లాసు, పేరుకే గ్లాసు, ప్లాస్టిక్ అది. పన్నెండేండ్ల ఎండ, పసుపు నీళ్లు పూసినట్లుండె. 1000 నంబరు నీళ్ల ఉప్పుకాగితం, తర్వాత 2000, ఆఖర్న పాలిష్. మావాడు "నాయనా, పాలు పోయినట్లుంది" అన్నాడు మొదటి కాగితానికే, నాకు గుండె గుభేలుమనింది. పాలిష్ కాడికి వచ్చేసరికి తేటపడింది. పైపూత పోతాది గాబట్టి ఏడాదికో రెండేండ్లకో మళ్లీ చెయ్యాల్సిందే. లోపలి అద్దం జోలికి మాత్రం పోవద్దు, గుడ్డతో తుడిస్తే ఆ మెరుపు గుడ్డకే వస్తాది.

చివరిది, పైసా ఖర్చు లేనిది, అందరూ మరిచేది. బండిని స్కూలు గోడకు ఐదు మీటర్ల దూరంలో నిలబెట్టి, లైటు ఎత్తున గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, డిమ్ము పైఅంచు ఆ గీతకు ఐదు సెంటీమీటర్లు కింద పడేటట్లు స్క్రూ తిప్పినా. మనిషి సీటు మీద కూర్చొనుండాలి, వెనక టైరులో గాలి సరిగ్గా ఉండాలి. వెనక మీ చెల్లెలు కూర్చుంటే వెలుగు ఎంత పైకి లేస్తాదో చూపించినా. అది నేను చెయ్యగూడని పనంట, రెండు పూటలు మాట్లాడలే. నా లైటు ఇన్నాళ్లూ ఎవడో తిప్పిపెట్టిన తీరులో ముందు చక్రం కాడే పడతాండె!

ఇప్పుడు పగలయిందని చెప్పను. డిమ్ములో రోడ్డు అంచు తెల్లగీత, గుండ్లు, ఎనుముల కండ్ల మెరుపు ముందే తెలుస్తాండాయి. లారీ ఎదురైతే దాని లైటు చూడకుండా ఎడమ అంచు చూస్తా. హెల్మెట్ అద్దం గీతలు పడిందని మార్చినా, లేకుంటే ఒక్కో లైటు పది చుక్కలయ్యేది. వేగం మాత్రం 35 దాటడం లేదు.

నీ బండి సంగతి వేరు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చే బండ్లకు ఇంజను నడిచినంతసేపూ లైటు వెలిగేటట్లే చేస్తాండారు, స్విచ్చి లేదు. దాన్ని తెలియనోళ్లతో కోయించొద్దు. మీ నాయన బండి నాదాని కాలందే, కాబట్టి చిలుము ఖాయం.

మీటరు ఇంకా నా కాడే ఉండాది, బామ్మర్ది అడగలే. వచ్చే ఆదివారం మీ నాయన బండి తీసుకొని పగటిపూట రా. దావలో గువ్వలచెరువు కాడ ఆగి అరకిలో పాలకోవ కట్టించు, మీ చెల్లెలు ఇంకా మొహం చూపించడం లేదు.

నీ
సుబ్బు