వరద హెచ్చరిక ఇంటింటి ఫోనుకూ సకాలంలో చేరాలి

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం దగ్గరపడిందంటే విజయవాడ మీదుగా పారే బుడమేరు అనే ఏటి గట్ల గురించి, కాల్వల్లో పూడికతీత గురించి చర్చ మొదలవుతుంది. ఆ పనులు జరిగి తీరాలి, అందులో సందేహం లేదు. కానీ నీళ్లు వస్తున్నాయన్న కబురు నీళ్లకంటే ముందు ఇంట్లో ఉన్న మనిషికి ఎలా చేరుతుందన్న ప్రశ్నకు ఆ చర్చలో చోటు దొరకడం లేదు. ఆ ప్రశ్నను మీ పత్రిక ద్వారా అధికారుల ముందుంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. కృష్ణకు ఎన్నడూ లేనంత వరద వస్తోందని నగరమంతా ప్రకాశం బ్యారేజీ వైపే చూస్తోంది. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండో హెచ్చరిక ఇస్తారన్న సంగతి కృష్ణలంక, రాణిగారితోట వాసులకు ఏళ్ల తరబడి అలవాటైన లెక్క. ఆ మరునాటికి ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. అయితే అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, వాంబేకాలనీ, న్యూ రాజరాజేశ్వరీపేట వాసులను ముంచింది కృష్ణ కాదు; దాని వరదను కృష్ణలోకి మళ్లించే కాల్వకు గండ్లు పడి వెనకవైపు నుంచి వచ్చిన బుడమేరు. నదికి అంత దూరంలో ఉన్న తమకు భయం లేదనుకున్న కుటుంబాలు బియ్యం డబ్బా, సర్టిఫికెట్ల సంచీ మంచం మీదికి ఎక్కించే లోపే నడుము లోతు నీళ్లు ఇంట్లోకి వచ్చాయి. తర్వాత కరెంటు పోయింది, ఫోన్లలో ఛార్జింగు అయిపోయింది, సిగ్నలూ పోయింది. మేడ మీద చిక్కుకున్నవాళ్లకు పాలప్యాకెట్లు, మంచినీళ్లు పంపడానికి పడవలు, హెలికాప్టర్లు కావలసి వచ్చింది. కానీ నీళ్లు చేరకముందు ఆ ఇళ్లకు కావలసింది ఒక్క కబురే.

ఆ కబురు పంపే సాధనం మన దేశంలో ఇప్పటికే ఉంది. దాన్ని సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటారు. ఎస్సెమ్మెస్ అయితే ఒక్కొక్క నంబరుకూ విడివిడిగా వెళ్లాలి. లక్షల మందికి పంపాలంటే సమయం పడుతుంది, అందరూ ఒకేసారి ఫోన్లు చేసుకునే వేళ నెట్‌వర్క్ ఇరుకై అది ఆగిపోతుంది కూడా. సెల్ బ్రాడ్‌కాస్ట్‌లో టవరే ఆ సందేశాన్ని తన పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒక్కసారిగా పంపుతుంది. దానికి నంబర్ల జాబితా అక్కర్లేదు. ఒడిశా నుంచో బిహార్ నుంచో పనికి వచ్చి ఆటోనగర్‌లో ఉంటున్న కూలీ ఫోనైనా, పండక్కి వచ్చిన చుట్టం ఫోనైనా, ఆ సమయానికి ఆ టవరు కింద ఉంటే చాలు, మోగుతుంది. ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఎంచుకున్న ప్రాంతంలోని టవర్ల నుంచి మాత్రమే పంపవచ్చు కాబట్టి గుంటూరు నగరంలో ఉన్నవారిని కదిలించకుండా కొల్లిపర, కొల్లూరు మండలాల లంక గ్రామాలవారిని మాత్రమే హెచ్చరించే వీలుంది.

కేంద్ర టెలికాం శాఖకు చెందిన పరిశోధన సంస్థ సీ-డాట్ ఈ వ్యవస్థను రూపొందించింది. 2023లో రాష్ట్రాలవారీగా పరీక్షలు జరిపారు. ఉన్నట్టుండి ఫోన్లు పెద్ద శబ్దంతో మోగి, తెర మీద పెట్టె కట్టి సందేశం కనిపించడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏమైందో తెలియక కంగారుపడినవారు కొందరైతే, మళ్లీ మోగకుండా సెట్టింగుల్లోకి వెళ్లి ఆ సదుపాయాన్నే ఆపేసినవారు కొందరు. పరీక్ష ఎందుకో ముందుగా చెప్పి ఉంటే ఈ రెండూ జరిగేవి కావు.

నా ప్రధానమైన అభ్యర్థన సందేశంలోని మాటల గురించి. సాధనం ఎంత మంచిదైనా, అందులో వచ్చే సమాచారం ‘భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది, ప్రజలు అప్రమత్తంగా ఉండాలి’ అన్న తీరులో ఉంటే ఎవరూ మంచం దిగరు. జిల్లా మొత్తానికి పంపే పిడుగుల హెచ్చరికలు ఇప్పటికే అలా వచ్చి వచ్చి చదవకుండా తుడిచేసే స్థితికి చేరాయి. పొలంలో చెట్టు కింద నిలబడిన కూలీకి ఆ సందేశం ప్రాణం కాపాడేది. అదే నగరంలో ఆఫీసులో కూర్చున్నవాడికి పదోసారి వస్తే విసుగు. అలా విసిగిపోయిన మనిషి రేపు బుడమేరు హెచ్చరికనూ చదవడు. అందుకని అవసరమైన చోటికే పంపాలి, పంపినప్పుడు ఏం చేయాలో చెప్పాలి. క్యూసెక్కుల లెక్క ఇంజినీర్లకు ఉండనివ్వండి. ఇంటి మనిషికి కావలసింది ఇలాంటి నాలుగు ముక్కలు:

‘బుడమేరుకు గండి పడింది. సింగ్‌నగర్, వాంబేకాలనీ, పాయకాపురంలోకి నీళ్లు వస్తున్నాయి. కింది అంతస్తులో ఉన్నవారు వెంటనే మేడ మీదికి వెళ్లండి. కరెంటు మెయిన్ ఆపండి. తాగునీరు, మందులు, కాగితాలు వెంట తీసుకెళ్లండి. సాయానికి 112.’

ఇది తెలుగులో రావాలి, ఫోను దాన్ని చదివి వినిపించాలి. అక్షరాలు కనబడని పెద్దవాళ్లు, చదువు రానివాళ్లు, రాత్రి నిద్రలో ఉన్నవాళ్లు ఎందరో ఉన్నారు. బటన్ ఫోన్లలో కూడా ఈ సందేశం వస్తోందో లేదో వార్డు సచివాలయాల సిబ్బంది కొన్ని ఫోన్లు తీసుకుని చూడాలి. మన పేటల్లో ఇంటి దగ్గర ఉండే అమ్మమ్మల చేతుల్లో ఉండేవి ఆ ఫోన్లే.

సమయం సంగతి కూడా తేల్చుకోవాలి. కృష్ణ మీద ఎగువన ఉన్న పులిచింతల ప్రాజెక్టు నుంచి వదిలిన నీరు బ్యారేజీకి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి నదీతీరం వారికి ఎంతో కొంత వ్యవధి దొరుకుతుంది. బుడమేరుకు ఆ వెసులుబాటు లేదు; మైలవరం వైపు కొండల్లో కుండపోత కురిస్తే ఏరు చూస్తుండగానే పొంగుతుంది. వెలగలేరు దగ్గర బుడమేరు గేట్లు ఎత్తాలన్న నిర్ణయం, ఫోన్లు మోగించాలన్న నిర్ణయం ఒకే గదిలో, ఒకే నిమిషంలో జరగాలి. ఆ ఆదేశం ఇచ్చే అధికారం ఏ అధికారికి ఉందో, ఆయన అందుబాటులో లేకపోతే ఎవరిదో ముందే రాసిపెట్టాలి. పైగా కరెంటు తీసేశాక, టవర్ల బ్యాటరీలు, డీజిలు అయిపోయాక పంపే హెచ్చరిక ఎవరికీ చేరదు. సరఫరా ఆపే ముందే సందేశం వెళ్లేలా విద్యుత్ సిబ్బందితో ఒప్పందం ఉండాలి. ఫోను వచ్చింది కదా అని మైకు బండిని, గుడి మైకును, మసీదు మైకును మానుకోనూ కూడదు. ఛార్జింగు లేని ఇల్లు ప్రతి వీధిలోనూ ఉంటుంది.

అందుచేత రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థను, ఎన్టీఆర్, గుంటూరు, బాపట్ల జిల్లాల కలెక్టర్లను కోరేది ఇది. ఈ వానలు మొదలయ్యేలోగా బుడమేరు పరిసర డివిజన్లలోనూ, కృష్ణా కరకట్ట వెంబడీ, లంక గ్రామాల్లోనూ ఒక పరీక్ష సందేశం పంపండి. రోజు, వేళ వారం ముందుగా పత్రికల్లోనూ, సచివాలయాల బోర్డుల మీదా ప్రకటించండి. మర్నాడు సిబ్బందిని ఇళ్లకు పంపి ఎన్ని ఫోన్లు మోగాయో, ఎన్ని మోగలేదో, ఏ కంపెనీ సిమ్ముకు రాలేదో, ఎవరికి చదవడం కష్టమైందో రాయించండి. సెట్టింగుల్లో ఆపేసుకున్నవారికి అక్కడికక్కడే మళ్లీ తెరిపించండి. ఆ వివరాలు వార్డులవారీగా ప్రజలకు కనిపించేలా పెట్టండి. మోగని చోట టెలికాం కంపెనీలతో సరిచేయించి, రెండోసారి పరీక్షించండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ.