సైట్‌లో దెబ్బ తగిలితే లాగ్‌లో రాయాలా, వద్దా?

అందరికీ నమస్కారం. అమెరికాలో కన్‌స్ట్రక్షన్ కంపెనీలు నడుపుతున్న సభ్యుల కోసం ఇది. పోయిన ఏడాది ఎప్పుడైనా మీ ఉద్యోగులు పదిమంది దాటితే ఓషా (అమెరికా ప్రభుత్వ పని భద్రతా సంస్థ) 300 లాగ్, అంటే పనిలో తగిలిన గాయాల రిజిస్టర్, రాయాల్సిందే. గాయం సంగతి తెలిసిన 7 రోజుల్లోగా ఎక్కించాలి. సెలవురోజులూ లెక్కలోకే వస్తాయి.

మనవాళ్లు తికమకపడేది ఏది రాయాలన్న దగ్గరే. రేకు గీసుకుని చెయ్యి తెగిందనుకోండి. కడిగి బ్యాండేజీ వేస్తే అది ఫస్ట్ ఎయిడ్, రాయక్కర్లేదు. టెటనస్ ఇంజెక్షన్ వేయించినా అంతే. కుట్లు పడ్డాయా, రాయాలి. కుట్లు లేకపోయినా ఆ మనిషి మర్నాడు పనికి రాలేకపోతే, లేదా మామూలు పని చేయలేక తేలిక పని ఇస్తే, అదీ రాయాలి. రాసినంత మాత్రాన తప్పు మనదని ఒప్పుకున్నట్టు కాదు, ఆ భయం వద్దు. దెబ్బ తగిలిందని చెప్పిన పనివాణ్ణి వేధించడం మాత్రం నేరుగా చట్టవిరుద్ధం. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద తప్పు అదే.

చిన్న కంపెనీలకూ మినహాయింపు లేనిది ఒకటుంది: పనిలో ప్రాణం పోతే 8 గంటల్లో, ఆసుపత్రిలో చేర్చుకుని చికిత్స చేయాల్సి వచ్చినా, అవయవం తెగినా, కన్ను పోయినా 24 గంటల్లో ఓషాకు చెప్పాలి. సొంత పని భద్రతా ప్లాన్ ఉన్న కాలిఫోర్నియాలాంటి రాష్ట్రాల్లో నియమాలు ఇంకా గట్టిగా ఉండొచ్చు, విడిగా చూసుకోండి.

లాగ్ రాసే కంపెనీలు 300ఏ (ఆ ఏడాది గాయాల లెక్క) సారాంశాన్ని ఫిబ్రవరి 1 నుంచి ఏప్రిల్ 30 వరకు అందరికీ కనిపించేచోట అంటించాలి, ఏడాదంతా ఒక్క గాయం లేకపోయినా సరే. రికార్డులు 5 ఏళ్లు దాచాలి.

దయచేసి మీ ఫోర్‌మన్‌లకు ఇవాళే ఫార్వర్డ్ చేయండి. దెబ్బ తగిలినప్పుడు మొదట చూసేది వాళ్లే.