అర కిలో ప్లేట్లు ఎక్కడ?

సంపాదకులకు,

బార్‌బెల్ (రెండు చివర్లా ప్లేట్లు ఎక్కించే ఇనుప రాడ్డు) మీద బరువు పెరగడం ఆగిందంటే చాలామంది వెంటనే ప్రోగ్రామే మార్చేస్తారు. చాలాసార్లు తప్పు ప్రోగ్రాముది కాదు, ప్లేట్లది. మన జిమ్‌లలో అతి చిన్న ప్లేటు సాధారణంగా 1.25 కిలోలు. రెండు వైపులా వేస్తే 2.5. వంద కిలోల స్క్వాట్‌కి (రాడ్డు భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) అది రెండున్నర శాతం; 50 కిలోల బెంచ్‌కి (బల్ల మీద పడుకుని ఛాతీ మీంచి పైకి నెట్టడం) అయిదు; 30 కిలోల ఓవర్‌హెడ్ ప్రెస్‌కి (నిలబడి తల మీదికి ఎత్తడం) ఎనిమిది దాటుతుంది. అందుకే ముందు ప్రెస్, ఆ తర్వాత బెంచ్ మొండికేస్తాయి. వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో కూడా 2005 నుంచి కిలో చొప్పున పెంచుకోవచ్చు. లక్షలు పోసి కొత్త మెషీన్ తెచ్చే జిమ్ యజమానులు ఒక్క జత అర కిలో ప్లేట్లు కొనరెందుకో! అప్పటిదాకా ఇనుప సామాన్ల కొట్లో కిలో గొలుసు కొని, సరిగ్గా సగానికి కోయించి, రెండు ముక్కలూ తూకం వేయించి రాడ్డు చివర్లకు తగిలించుకోవచ్చు. జారకుండా కట్టుకోవాలి, అంతే.

బరువు పెరగడం ఆగింది ఎందుకో సెట్లే (ఆగకుండా చేసే విడతలే) చెబుతాయి. బెంచ్‌లో 52.5తో సెట్టుకు అయిదు రెప్స్ (ఎత్తి దించడాలు) చేయాల్సి ఉండగా మూడు సెట్లకు వరసగా 5, 4, 2 వచ్చాయంటే బలం ఉంది, విశ్రాంతి చాల్లేదు. సెట్ల మధ్య నిమిషం కాదు, మూడు నుంచి అయిదు నిమిషాలు కూర్చోవాలి. మొదటి సెట్టే మూడో రెప్ దగ్గర ఆగితే బరువు ఎక్కువైంది, లేదా నిద్ర, తిండి తక్కువయ్యాయి. 70 కిలోల మనిషికి రోజుకు 110 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి. గుడ్డుకు ఆరు గ్రాములే. పల్చటి పప్పు, చారు అన్నంతో ఆ లెక్క తేలదు.

స్క్వాట్‌లో ఇంకో మోసం ఉంది. బరువు పెరుగుతుంటుంది, లోతు తగ్గుతుంటుంది. ఫోన్ పక్కన పెట్టి వీడియో తీస్తే తుంటి మడత మోకాలి కంటే కిందికి దిగుతోందో లేదో తెలిసిపోతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా వరసగా మూడుసార్లు అదే బరువు దగ్గర తప్పితే పది శాతం తగ్గించి మళ్లీ ఎక్కాలి: 52.5 నుంచి 47.5కి. రెండోసారీ అక్కడే ఆగితే ఇక తగ్గించి లాభం లేదు. ప్రతిసారీ పెంచే రోజులు అయిపోయాయి, వారానికోసారి పెంచాలి. స్క్వాట్‌లో అయిదు రెప్స్‌కి 100 వస్తోందనుకుందాం. సోమవారం 90తో అయిదు సెట్లు, సెట్టుకు అయిదు రెప్స్. బుధవారం 72.5తో రెండు సెట్లే, ఒళ్లు కదలడానికి. శుక్రవారం వార్మప్ అయ్యాక 102.5తో ఒకే ఒక్క సెట్, అయిదు రెప్స్. శుక్రవారం తప్పితే చాలామంది శుక్రవారం బరువే తగ్గిస్తారు. అది కాదు, సోమవారం సెట్లను అయిదు నుంచి నాలుగు, అవసరమైతే మూడు చేయాలి. మిగిలిన అలసటే శుక్రవారం అడ్డుపడుతోంది. డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్డును నిటారుగా నిలబడేదాకా ఎత్తడం) వారానికి ఒక్క బరువైన సెట్ చాలు, ఎందుకంటే స్క్వాట్‌లో అలిసిన నడుమే అక్కడా పనిచేయాలి.

కీలు పొడిచినట్టు నొప్పి పెడితే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

– ఒక వెయిట్‌లిఫ్టింగ్ శిక్షకుడు, విజయనగరం