బిట్టు అతికించినవాడి మాట

ఎడిటర్ గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో జపాన్ 'బూతు సినిమాల' మీద అరపేజీ వేశారు. రాసినాయన ఒక్కటి కూడా చూసినట్టు లేదు, చూసి తిట్టినా ఒప్పుకునేవాణ్ణి. నేను కావలిలో ఇరవై రెండేళ్లు సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేశాను. ముందే చెప్పేస్తున్నా, మార్నింగ్ షోలకు బిట్లు అతికించిన చేతులు ఇవే.

ఇప్పటి పిల్లలకు బిట్టంటే తెలియదు. మలయాళం నుంచి డబ్ చేసిన ఏదో సంసారం కథ వచ్చేది, పైన 'ఎ' సర్టిఫికెట్టు. పెట్టెలో వచ్చిన రీళ్లు కాకుండా మేనేజరు గుడ్డసంచిలో ఇంకో చిన్న చుట్ట తెచ్చిచ్చేవాడు. దాన్ని ఏ రీల్లో ఎక్కడ అతికించాలో ఆయనకూ పట్టదు, నాకూ పట్టదు. తెర మీద హీరోయిన్ పొయ్యి మీద పాలు పెడుతుంది, ఠక్కున ఎవరో తెల్లవాళ్లు, ఏ దేశమో ఏ మంచమో, రెండు మూడు నిమిషాలు, మళ్లీ ఠక్కున పాలు పొంగుతుంటాయి. ఇదేందబ్బా అని హాల్లో ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు.

మా మేనల్లుడు చెన్నైలో ఎడిటింగ్ నేర్చుకుంటున్నాడు. మొన్న సంక్రాంతికి వచ్చి, "అత్త ఊళ్లో లేనప్పుడు చూడు మామా, నీ డిపార్ట్‌మెంటే" అని ఓ నాలుగు జపాన్ సినిమాలు ఇచ్చిపోయాడు. మా ఆవిడ వాళ్ల చెల్లెలింటికని సింగరాయకొండ వెళ్లిన రెండు రోజుల్లో చూశాను. అప్పటినుంచి వాడికి ఫోన్ చేసి ఒకటే ప్రశ్నలు.

వీటిని అక్కడ పింక్ సినిమాలంటారట, 1962లో మొదలయ్యాయి. చిన్న కంపెనీలు, చేతిలో సుమారు 30 లక్షల యెన్‌లు, వారం రోజుల్లో షూటింగు అయిపోవాలి, మాటలు తర్వాత డబ్బింగ్, సినిమా అంతా కలిపి గంట, గంటా పది నిమిషాలు. టీవీ వచ్చి హాళ్లు ఖాళీ అయ్యేసరికి నిక్కత్సు అనే పాత పెద్ద స్టూడియో కూడా 1971 నవంబరులో ఇలాంటి వాటిలోకి దిగి, కాస్త ఎక్కువ ఖర్చుతో 1988 దాకా తీసింది. దర్శకులకు వాళ్లు పెట్టిన షరతేందంటే, పది నిమిషాలకోసారి పడక సీను పడాలి, మిగతా కథ నీ ఇష్టం. పది నిమిషాలంటే మా లెక్కలో వెయ్యడుగుల రీలు, కాస్త అటూ ఇటూగా. అంటే రీలుకొక బిట్టు! కానీ అది ఎవడో సంచిలో తెచ్చింది కాదు, ఆ కథలోని మనుషులదే. అద్దె కట్టలేనివాడు, మొగుడు రాత్రి పదకొండైనా ఇంటికి రాని ఆవిడ, గోడ అవతల రైలు చప్పుడు వినపడే ఇరుకు గది. కలుసుకుంటారు, అయ్యాక ఒకరు గోడవైపు తిరుగుతారు, ఇంకొకరు సిగరెట్ ముట్టిస్తారు, మాటుండదు. అక్కడి చట్టానికి భయపడి చూపకూడనిచోట మసక పెడతారు, లేదంటే ముందు ఏదో ఒక సామాను అడ్డం పెడతారు. అందుకేనేమో కెమెరా మొహాల మీదే ఎక్కువసేపు ఉండిపోతుంది. తోడు లేనితనం సంగతి చూడమని ఆ దేశం 2021లో ఏకంగా ఒక మంత్రినే పెట్టింది, ఈ చవక సినిమాలవాళ్లు ఆ గదుల్లోకి అరవై ఏళ్ల కిందే వెళ్లొచ్చారు.

అన్నీ మంచివని చెప్పను. నాలుగింట్లో ఒకటి ఆడమనిషిని బలవంతం చేయడమే కథగా పెట్టుకుంది, సగంలో ఆపేశాను. అలాంటివి చాలానే ఉన్నాయని మావాడే ఒప్పుకున్నాడు. దాన్ని మీ రచయిత తిట్టి ఉంటే చప్పట్లు కొట్టేవాణ్ణి. అన్నిటినీ ఒకే గాటన కట్టి చెత్త అన్నాడు చూడండి, అక్కడ ఒళ్లు మండింది. యోజిరో తకిత అనే ఆయన ఇలాంటి సినిమాలతోనే దర్శకుడయ్యాడు. తర్వాత శవాలను శుభ్రం చేసి సాగనంపే పనివాడి కథ తీస్తే 2009లో ఆస్కార్ ఇచ్చారు.

మా హాలు సంగతి ఒకటి చెప్పాలి. కేబిన్ కిటికీలోంచి చూస్తే మార్నింగ్ షో జనం ఎప్పుడూ ఒక సీటు వదిలి ఒక సీట్లో కూర్చునేవాళ్లు. సైకిల్ వెనకవీధిలో పెట్టి, తలమీద తువ్వాలు కప్పుకుని వచ్చేవాళ్లు. వాళ్లలో తెల్లచొక్కా పెద్దాయన ఒకాయన, యాభై దాటుంటాయి, వారానికి రెండుసార్లు వచ్చి రెండో రీలు ఎక్కేలోపే నిద్రపోయేవాడు. బిట్టుకు హాలంతా ఊపిరి బిగబట్టినా ఆయన లేవడు. ఓసారి టీ బంకు దగ్గర ఎగతాళిగా, "డబ్బులిచ్చి నిద్రపోతావేంది పెద్దాయనా?" అన్నాను. "ఇంట్లో నిద్ర పట్టదు అబ్బయ్యా, ఆమె పోయినకాడ్నించి. ఈడైతే చుట్టూ మనుషులుంటారు గదా" అన్నాడు. నేను నవ్వేసి పైకెళ్లి ప్రొజెక్టరు దీపంలో కార్బన్లు మార్చుకున్నాను.

ఆయన మీద మనవాళ్లెవరూ సినిమా తీయలేదు. ఆయన ఒంటరితనం ఒక రీల్లో, కోరిక ఇంకెవరి దేశం నుంచో తెచ్చిన చుట్టలో, మధ్యలో నేను పెట్టిన అతుకు. ఆ జపాన్ వాళ్లు ఆ రెంటినీ ఒకే గదిలో పెట్టారని నాలుగు సినిమాలు చూశాక తెలిసింది.

హాలు ఇప్పుడు కల్యాణమండపం. మొన్న ఓ పెళ్లికి పోతే నా కేబిన్‌లో వంటసామాను పెట్టుకున్నారు. మీ అరపేజీ రాసినాయన ఒకసారి కావలి వైపు వస్తే మా ఇంట్లోనే కూర్చోబెట్టి ఆ మూడు సినిమాలు చూపిస్తాను, కాకపోతే మా ఆవిడ సింగరాయకొండ వెళ్లే రోజు చూసుకుని రావాలి.

ఇట్లు,
ఒక పాత ఆపరేటర్,
కావలి, నెల్లూరు జిల్లా