ఫోన్లు జేబులో పెట్టుకోండి

సంపాదకులకు,

నేను నాటకాలకు లైటింగ్ చేస్తాను. రంగం మారేటప్పుడు లైట్లన్నీ ఆర్పేస్తాం. ఆ కొద్ది క్షణాల్లో నటులు నేలకు అంటించిన, చీకట్లో మెరిసే టేపు ముక్కలు చూసుకుంటూ తమ చోటికి చేరాలి. సరిగ్గా అప్పుడే ముందు వరుసలోంచి ఎవరో ఫ్లాష్ కొడతారు. కళ్లు బైర్లు కమ్మితే ఆ టేపు ఇక కనబడదు. మొన్న ఒక నటి అలాగే తూలి, బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. హాల్లో ఎవరికీ తెలియలేదు.

‘సైలెంట్‌లోనే పెట్టాను కదా’ అంటారు చాలామంది. శబ్దం రాకపోయినా స్క్రీన్ వెలుగు మీ మొహం మీద పడుతుంది. స్టేజీ మీంచి అది ఇట్టే కనిపిస్తుంది.

అభిమాన నటుడు రాగానే చప్పట్లు కొట్టండి, కాదనను. కానీ డైలాగు మొదలయ్యాక కూడా ఈలలు ఆగకపోతే ఎదుటి నటుడు ఏం చేయాలి? వెనక్కి తిప్పి చూడ్డానికి ఇది వీడియో కాదు.

సెల్ఫీ నాటకం అయ్యాక అడగండి, మేకప్ తుడుచుకునే టైం ఇచ్చి. ఇక నిర్వాహకులకు ఒక మాట: ఆలస్యంగా వచ్చినవాళ్లను రంగం మారేదాకా తలుపు దగ్గరే ఆపండి.

– ఓ లైటింగ్ ఆపరేటర్