కార్తీక సోమవారాల్లో షుగర్ ఉన్నవారికి తోడు నిలిచినవాళ్లకు కృతజ్ఞతలు

బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల తెలుగు కుటుంబాల తరఫున డాక్టరమ్మ గారికి, నర్సమ్మకు, మందుల షాపు అన్నకు, గుడి పంతులు గారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చేసిన పని మాత్రం నలుగురికీ తెలియాలి.

ఉపవాసంలో నీరసం వస్తుందని అందరికీ తెలుసు. బుర్ర మందగిస్తుందన్న సంగతే ఎవరూ పట్టించుకోరు. మెదడు రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ వాడుకుంటుంది, దాచుకునేది దాదాపు ఏమీ లేదు. షుగర్ 70 కిందికి దిగితే వణుకు, చెమట, దడ. 54 కిందికి పోతే మాట తడబడుతుంది, లెక్క తప్పుతుంది, బ్రేకు మీదికి చెయ్యి ఆలస్యంగా పోతుంది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్న కొందరికి వణుకూ దడా లేకుండానే తికమక మొదలవుతుంది. బీపీకి, గుండెకు ఇచ్చే బీటా బ్లాకర్లు వాడేవాళ్లకూ అవి పైకి తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. అలాంటప్పుడు ఇంట్లోవాళ్లు “ఉపవాసం కదా, చిరాగ్గా ఉన్నారు” అని ఊరుకుంటారు. భయమంతా అక్కడే.

డాక్టరమ్మ గారు మాసం మొదలవక ముందే ఒక్కొక్కరి మందుల చీటీ చూశారు. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. పొద్దున వేసుకుని నక్షత్ర దర్శనం దాకా తినకపోతే, సరిగ్గా సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో బండి మీద ఉన్న వేళకు షుగర్ పడిపోవచ్చు. ఆ మాత్రను రాత్రి భోజనానికి మార్చారు, కొందరికి మోతాదు తగ్గించారు. ఇన్సులిన్ వాడేవాళ్లతో విడిగా మాట్లాడారు. ఎవరికి వారు మార్చుకోవద్దని గట్టిగా చెప్పారు.

మందుల షాపు అన్న చెప్పిన మాట చాలామందికి కొత్త. వోగ్లిబోస్ అనే షుగర్ మందు వాడేవాళ్లకు షుగర్ పడిపోతే పంచదార, బెల్లం త్వరగా పనిచేయవు. పంచదారను పేగులో విడగొట్టే పనినే ఆ మందు అడ్డుకుంటుంది. వాళ్ల జేబులో గ్లూకోజ్ పొడే ఉండాలి. అందుకే అడిగిన ప్రతివారికీ 15 గ్రాముల చొప్పున పొట్లాలు కట్టి ఇచ్చారు.

పదకొండింటికి, మూడింటికి, ఆఫీసు నుంచి బయల్దేరే ముందు వేలి నుంచి తీసిన రక్తపు చుక్కతో షుగర్ చూసుకోమన్నది నర్సమ్మ. 70 కంటే తగ్గినా, 300 దాటినా ఉపవాసం విడిచేయాలి. తగ్గితే వెంటనే ఒక పొట్లం నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే మరో పొట్లం. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. అంకె సరిపోయినా ఆలోచన కుదుటపడటానికి ఇంకా సమయం పడుతుంది, ముప్పావు గంట దాకా బండి తీయకూడదు.

గ్లూకోజ్ నీళ్లు తాగితే వ్రతభంగం కాదని, అది ఆపద్ధర్మమని పంతులు గారు గుడిలో అందరి ముందూ చెప్పారు. పెద్దవాళ్లు పొట్లం విప్పింది ఆ మాట మీదే.

శివరాత్రికీ ఇలాగే కావాలని అడుగుతున్నవాళ్లు నెల ముందే డాక్టరమ్మ గారిని కలవండి. ఆ రోజు జాగరణ కూడా ఉంటుంది కాబట్టి, తెల్లవారి బండి నడపడానికి వేరే మనిషిని ఇప్పుడే అనుకోండి.